షుగర్, బీపీ, గుండె, కిడ్నీ ఒకే మనిషికి ఉన్నప్పుడు: ఏ ఖర్చుకు ఏ దారి

గత ఏడాది సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు అమ్మ మందుల డబ్బాను స్టీలు పళ్లెంలో బోర్లించాను. షుగర్‌కు రెండు రకాలు, బీపీకి రెండు, స్టెంట్ వేయించినప్పటి నుంచి గుండెకు మూడు, థైరాయిడ్‌కు ఒకటి, మోకాళ్ల నొప్పికి ఒకటి, ఇవి కాక గ్యాస్ మాత్రలు మూడు వేర్వేరు పేర్లతో మూడు షీట్లు. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లోనూ మందు అసలు పేరు చీమ తలకాయలంత అక్షరాల్లోనూ అచ్చు వేస్తారు కాబట్టి, అవి మూడు వేర్వేరు మందులనే ఇంటిల్లిపాదీ నమ్ముతూ వచ్చాము. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే మూడింటిలోనూ ఉన్నది పాంటోప్రజోలే. ముగ్గురు డాక్టర్లు, ఒకరి చీటీ ఒకరు చూడకుండా, ఎవరికి వారు జాగ్రత్తగా రాసిన ఒకే మాత్ర అది. అమ్మ మూడూ వేసుకుంటోంది, మూడింటికీ డబ్బు కడుతోంది.

నేను విజయవాడలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. ఊరందరి ఖాతాలూ సరిచూసే నేను సొంత ఇంట్లో ఈ పద్దు ఏనాడూ రాయలేదు. ఆ రాత్రి కూర్చుని రాస్తే నెలకు మందులకు 6,400 రూపాయలు, డాక్టర్ల ఫీజులకు సగటున 900, మూడు నెలలకోసారి చేయించే పరీక్షలను నెలలకు పంచితే 1,200, ఆటోలకు 500, మొత్తం 9,000 తేలింది. ఏడాదికి 1,08,000. అమ్మకు స్టెంట్ వేసింది ఆరోగ్యశ్రీ కింద, ఆ ఆపరేషన్‌కు మేము కట్టింది ఏమీ లేదు. ఆపరేషన్ అనగానే భయపడి బంధువుల దగ్గర సర్దుబాటు చేసుకున్న డబ్బు అలాగే మిగిలింది. కాని ఆ తర్వాతి నెలల్లో అది మందుల షాపులో కొంచెం కొంచెంగా కరిగిపోయింది.

ఒకటికి మించి దీర్ఘకాలిక జబ్బులున్న ఇళ్లలో జరిగేది ఇదే. పెద్ద ఖర్చుకు ఏదో ఒక పథకం అడ్డుపడుతుంది, చిన్న ఖర్చుకు ఎవరూ అడ్డుపడరు. అందుకే "ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలా, ప్రైవేటుకు వెళ్లాలా" అని మొత్తానికి ఒకే ప్రశ్న వేసుకోవడం దండగని నా అభిప్రాయం. ఖర్చును ముక్కలుగా విడదీసి, సలహాకు ఒక దారి, మందులకు ఒక దారి, పరీక్షలకు ఒక దారి, ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఇంకొక దారి ఎంచుకోవాలి. కింద రాసేదంతా ఆ ఎంపికల గురించే. నేను వైద్యుణ్ణి కాదు కాబట్టి, మందు మార్చడం, ఆపడం అన్న ప్రతి చోటా డాక్టరును అడిగిన తర్వాతే అని అర్థం చేసుకోగలరు.

ముగ్గురు డాక్టర్లా, ఒక్కరా

విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట అంటే డాక్టర్ల పేటలు. గుండెకు ఒక వీధి, షుగర్‌కు పక్క వీధి, కిడ్నీకి ఆ ఎదుటి మేడ. ఒకే జబ్బున్న వారికి ఈ ఏర్పాటు చాలా సౌకర్యం. నాలుగు జబ్బులున్న వారికి ఇదే ఏర్పాటు నాలుగు ఫీజులు, నాలుగు చీటీలు, నాలుగు చోట్ల రక్తపరీక్షలుగా మారుతుంది. పైగా ఒకరు ఇచ్చిన మందు ఇంకొకరి పనిని చెడగొట్టే ప్రమాదం ఉంటుంది. అమ్మ మోకాళ్లకు వాడిన నొప్పి మాత్ర కిడ్నీకి మంచిది కాదన్న సంగతి, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువయ్యేదాకా మాకు తెలియలేదు. ఆ మాత్ర మొదట రాసిన వారికి ఆమె కిడ్నీ రిపోర్టు ఎవరూ చూపించలేదు. అందులో తప్పు సగం మాదే.

రెండో పద్ధతి, అనుభవమున్న ఒక జనరల్ ఫిజీషియన్‌ను మూలస్తంభంగా పెట్టుకుని, స్పెషలిస్టుల దగ్గరకు ఏడాదికి ఒకసారో రెండుసార్లో, ఆయన పంపినప్పుడు మాత్రమే వెళ్లడం. దీనివల్ల ఫీజు తగ్గడం చిన్న లాభం. అన్ని చీటీలూ ఒకే మనిషి కళ్ల ముందు ఒకేసారి పడటం పెద్ద లాభం. పళ్లెంలోని షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని అమ్మను అలాంటి ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. "డాక్టరుగారూ, వీటిలో అక్కర్లేనిది ఏదైనా ఉంటే చెప్పండి, ఉండాల్సిన వాటిలో ఇదే పని చేస్తూ ధర తక్కువైనది ఉంటే రాయండి" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. గ్యాస్ మాత్రలు రెండు కొట్టేశారు, నొప్పి మాత్ర మాన్పించి మోకాళ్లకు వ్యాయామమూ, అవసరమైన రోజున పారాసెటమాలూ చెప్పారు, గుండె డాక్టరు ఇచ్చిన మూడింటి జోలికి మాత్రం పోలేదు. "స్టెంటు మందులు నేను ముట్టను, మీరూ మానకండి" అన్నారు. బయటికి వచ్చాక అమ్మ, "ఇంతమంది చదువుకున్నవాళ్లు రాసినవి ఈయనొక్కడు కొట్టేస్తే ఎట్లారా నాన్నా" అని సణిగింది. నెల తిరిగి కొత్త రిపోర్టు వచ్చాక సణుగుడు ఆగింది.

ఒకే డాక్టరు పద్ధతి ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. స్టెంటో బైపాసో అయి ఏడాది నిండని వారు, కిడ్నీ పనితనం వేగంగా పడిపోతున్న వారు, కంటి రక్తనాళాల్లో రక్తస్రావం మొదలైన షుగర్ రోగులు స్పెషలిస్టును వదలకూడదు. అక్కడ ఆదా చేసిన ఫీజు తర్వాత పదింతలై వస్తుంది.

పెద్దాసుపత్రి, ఎయిమ్స్, వీధి చివరి ఆరోగ్య కేంద్రం

ప్రభుత్వ వైద్యం ఉచితమని అందరికీ తెలుసు. ఆ ఉచితానికి పెట్టే ఖర్చు సమయం. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలోనైనా విజయవాడ పెద్దాసుపత్రిలోనైనా ఓపీ చీటీ, డాక్టరు, రక్తపరీక్ష, మందుల కౌంటర్ అన్నీ ముగిసేసరికి పూట గడిచిపోతుంది, ఒక్కోసారి రెండో రోజు కూడా వెళ్లవలసి వస్తుంది. మిర్చి యార్డులో హమాలీ పనికో, ఆటోనగర్‌లో మెకానిక్ పనికో వెళ్లే మనిషికి ఒక రోజు పోవడమంటే ఆ రోజు కూలి పోవడమే. తోడు వచ్చిన కొడుకుదో కూతురిదో ఇంకొక కూలి. కాబట్టి ఈ దారిని తూచేటప్పుడు ఇద్దరి కూలినీ ఒక పక్క వేసి, ప్రైవేటులో అయ్యే ఫీజూ పరీక్షల ఖర్చూ రెండో పక్క వేసి చూడాలి. ఇంట్లో పదవీ విరమణ చేసిన వారెవరైనా తోడు రాగలిగితే త్రాసు ప్రభుత్వం వైపు మొగ్గుతుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆభా నంబరుతో (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే ఏర్పాటు వచ్చింది, దానివల్ల కనీసం మొదటి వరుసలో నిలబడే శ్రమ తగ్గుతుంది.

మంగళగిరి ఎయిమ్స్ రెండు ఊళ్లకూ నడుమ ఉంది. 2019లో ఓపీ మొదలై, 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి చేతుల మీదుగా జాతికి అంకితమైంది. ఒకే ప్రాంగణంలో గుండె, కిడ్నీ, కన్ను వంటి విభాగాలు ఉండటం, ఒకే రికార్డు నంబరు మీద రిపోర్టులన్నీ నిలవ ఉండటం అనేక జబ్బులవారికి నిజంగా కలిసివచ్చే అంశం. నా లెక్కలో ఎయిమ్స్‌ను నెలనెలా వెళ్లే చోటుగా పెట్టుకోకూడదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు అన్ని విభాగాలకూ చూపించుకుని, "ఇకపై ఇలా నడపండి" అన్న కాగితం రాయించుకుని, దాన్ని ఊళ్లోని ఫిజీషియన్ చేతికి ఇవ్వడం సరైన వాడకం. మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది కాబట్టి, అమ్మను తీసుకువెళ్లే పని కోడలో కూతురో తలకెత్తుకుంటే దారి ఖర్చు ఉండదు. ఇది మగపిల్లల మీది భారాన్ని ఆడపిల్లల మీదికి నెట్టడమేనని మా చెల్లెలు అన్నది. కాదనలేకపోయాను.

చాలామంది చిన్నచూపు చూసేది పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని. షుగర్, బీపీలకు వాడే ప్రాథమిక మందులు, మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ వంటివి అక్కడ ఉచితంగా ఇస్తారు, బీపీ, షుగర్ చూస్తారు. పల్లెల్లో అయితే ఊరికి వచ్చే 104 వాహనం అదే పని చేస్తుంది. జబ్బులు రెండే ఉండి, రెండూ అదుపులో ఉన్నవారికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

ఇంట్లో ఎవరైనా నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా పథకం) కోత ఉన్న ఉద్యోగం చేస్తుంటే, ఇతర దారులన్నింటికన్నా ముందు దాన్ని చూడాలి. ఉద్యోగి జీతంలో కోత 0.75 శాతం మాత్రమే, అంటే 18,000 జీతానికి 135 రూపాయలు. దానికి ప్రతిఫలంగా ఉద్యోగికీ, అతని మీద ఆధారపడిన భార్యాపిల్లలకూ తల్లిదండ్రులకూ ఓపీతో సహా మందులు వస్తాయి. మామూలు ఆరోగ్య బీమాలో నెలవారీ మాత్రల ఖర్చు సాధారణంగా రాదు, ఈఎస్ఐలో వస్తుంది. తేడా అక్కడే ఉంది. ఆటోనగర్‌లో లేత్ పని చేసే మా బాబాయి కొడుకు పదేళ్లుగా కోత కట్టించుకుంటూనే, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి ముఖం చూడకుండా వాళ్ల నాన్నకు బయట మందులు కొన్నాడు. కార్డులో తండ్రి పేరు చేర్పించలేదు, అంతే.

మందుల షాపు దగ్గర

నెల ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా మందులదే కాబట్టి ఇక్కడ కొంచెం నిదానిద్దాం.

మొదటి ఎంపిక, కంపెనీ మందా, లేక బ్రాండు లేకుండా అసలు పేరుతో అమ్మే జనరిక్ మందా అన్నది. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి కేంద్రాల్లో ధరలు పేరున్న కంపెనీల మందులతో పోలిస్తే చాలా తక్కువ, చాలా వాటికి సగానికి సగం, కొన్నింటికి పదో వంతు. బయట "జనరిక్" బోర్డు పెట్టుకున్న షాపులన్నీ ఇవి కావు. కొన్ని షాపుల్లో షీటు మీద 120 రూపాయలు అచ్చు వేసి ఉంటుంది, "మీకు 70 శాతం డిస్కౌంట్ అమ్మగారూ" అని 36కు ఇస్తారు, అదే మందు జన ఔషధిలో అంతకన్నా తక్కువకు దొరుకుతుంది. తగ్గింపు శాతాన్ని చూడకూడదు. ఒక మాత్ర ఎంత పడుతున్నదో చూడాలి. షీటులో 10 ఉంటాయా 15 ఉంటాయా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది, 15 మాత్రల షీటు ధర ఎక్కువగా కనిపించినా మాత్రకు తక్కువ పడవచ్చు. ధరల నియంత్రణ సంస్థ వారి ఫార్మా సహీ దామ్‌లోనూ, జన ఔషధి సుగమ్ యాప్‌లోనూ మందు అసలు పేరు కొడితే ధరలు కనిపిస్తాయి. మందుల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వాటికి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధర అచ్చయిన షీటు చేతికిచ్చినప్పుడు ఈ మాట గుర్తుచేయవచ్చు.

అన్ని మందులనూ ఒకేసారి మార్చవద్దు. బీపీ, కొలెస్టరాల్, గ్యాస్ మాత్రలతో మొదలుపెట్టి, ఒకటి మార్చాక రెండు వారాలు బీపీ రాసుకుని చూసి, ఆ తర్వాత రెండోది మార్చాలి. థైరాయిడ్ మాత్ర, మూర్ఛ మాత్ర వంటి వాటిలో మోతాదు కొంచెం తేడా వచ్చినా ఫలితం మారుతుంది కాబట్టి వాటిని ఏదో ఒక తయారీదారు దగ్గర స్థిరపరచుకోవడం మంచిది. థైరాక్సిన్ ధర ఎలాగూ తక్కువే. వంద మాత్రల సీసా కొనుక్కుని, మూత మీద తెరిచిన తేదీ రాసుకుని, రోజూ పరగడుపున వేసుకుంటే చాలు.

రెండో ఎంపిక గురించి షాపువారు చెప్పరు, చాలాసార్లు డాక్టర్లూ చెప్పరు. కొత్త మందుల పేటెంట్ (కనిపెట్టిన కంపెనీకి మాత్రమే ఉండే హక్కు) గడువు ముగిసిందా లేదా అన్నది. షుగర్‌తో పాటు గుండె బలహీనతకూ కిడ్నీకీ మేలు చేసే ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర 2025 మార్చి దాకా ఒక్కొక్కటి 60 రూపాయల దాకా ఉండేది. ఆ నెలలో పేటెంట్ ముగియగానే దేశీ కంపెనీలు అదే మందును పది రూపాయల అటూ ఇటూ ధరకు తెచ్చాయి. అంతకుముందే విల్డాగ్లిప్టిన్, డాపాగ్లిఫ్లోజిన్, సిటాగ్లిప్టిన్‌లకూ ఇలాగే జరిగింది. అయితే పాత చీటీ మీద పాత కంపెనీ పేరే ఉంటుంది, షాపులో అదే ఇస్తారు, మనం అదే కొంటాం. నెలకు 30 మాత్రలు, ఒక్కో మాత్రకు 50 రూపాయల తేడా అంటే 1,500. అమ్మ ఖర్చులో ఒక్క దెబ్బకు తగ్గిన అతి పెద్ద మొత్తం ఇదే.

ఇన్సులిన్ వాడేవారికి మూడో ఎంపిక ఉంది, సీసానా పెన్నా అని. మామూలు సీసాలో 10 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున 400 యూనిట్లు ఉంటాయి. పెన్నులో వేసే గొట్టంలో 3 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 100 చొప్పున 300 యూనిట్లు. ధరను యూనిట్లతో భాగిస్తే సీసా చాలా చవక. పెన్ను మోసుకెళ్లడానికీ, చూపు మందగించిన వారు క్లిక్కులు లెక్కపెట్టుకోవడానికీ సుఖం. ఒంటరిగా ఉండే పెద్దవారికి పెన్నుకు డబ్బు పెట్టడం దుబారా కాదు. సీసా ఎంచుకుంటే మాత్రం సిరంజి మూత రంగు చూసుకోవాలి: 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల మందుకు నారింజ మూతది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 30 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 75 యూనిట్లు. పది రూపాయలు మిగుల్చుకోబోయి ఐసీయూకు చేరే దారి అది. కొత్త సీసా కొన్న ప్రతిసారీ దాని మీది అంకెనూ సిరంజి మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూడమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

పరీక్షల సంగతి త్వరగా ముగిస్తాను. పండుగ ఆఫర్లలో వచ్చే 80 పరీక్షల ప్యాకేజీలు జబ్బు లేనివారి కోసం. జబ్బు తెలిసిన మనిషికి కావలసినవి కొన్నే: హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) అదుపులో లేకపోతే మూడు నెలలకు, ఉంటే ఆరు నెలలకు ఒకసారి, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, కొలెస్టరాల్, ఏడాదికోసారి కంటి పరీక్ష. ఒకే రోజు ఒకే సూదితో రక్తం ఇచ్చి, ఆ రిపోర్టు నకళ్లను అందరు డాక్టర్లకూ చూపిస్తే చాలు. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో నెలకు 1,200 పడే పరీక్షల ఖర్చు 700కు దిగింది.

ఆసుపత్రిలో చేరవలసి వస్తే

బియ్యం కార్డున్న కుటుంబాలకూ, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న వారికీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. 2023 డిసెంబరులో పరిమితిని ఏడాదికి 25 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందుగా పథకం తరఫున అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరకు వెళ్లాలి. ప్రైవేటు ఖాతాలో చేర్పించి, డబ్బు కట్టేసి, తర్వాత పథకంలోకి మార్చమంటే కుదరదన్న జవాబే ఎక్కువగా వస్తుంది. డిశ్చార్జ్ రోజున అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కొన్ని చికిత్సలకు ఆ తర్వాత ఏడాది పాటు ఉచిత ఫాలో అప్, మందులు పథకంలోనే ఉంటాయి, మాకు ఆ సంగతి ఏడాది దాటాక తెలిసింది. అడగనందుకు ఎవరినీ అనలేము.

డెబ్బై దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబరు 29న మొదలైంది, ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తుంది, ఉన్న జబ్బులకు ఎదురుచూపు గడువు లేదు. పింఛనుదారులు, సొంత ఇల్లున్న మధ్యతరగతి వృద్ధులు "మనకెందుకు వస్తుందిలే" అని వదిలేసేది దీన్నే. రెండు పథకాల్లో ఏది ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కుని, ఇంటికి దగ్గరలోని రెండు ఆసుపత్రుల పేర్లు రాసి బీరువా తలుపుకు అంటించుకోవాలి. రెండు ఎందుకంటే, బకాయిలు అందలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు పథకం సేవలను నిలిపివేసిన రోజులు మన రాష్ట్రంలో ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి ప్రభుత్వ ఆసుపత్రి అయి ఉంటే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

బీమా కొనాలా, ఆ డబ్బు దాచుకోవాలా

ఇది వయసును బట్టి తేలే లెక్క. నలభై అయిదేళ్లకే షుగర్, బీపీ రెండూ వచ్చిన ఉద్యోగి ఆలస్యం చేయకుండా పాలసీ కొనాలి. ముందే ఉన్న జబ్బులకు ఎదురుచూపు గడువు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలే, అతనికి అసలు ప్రమాదకాలం దాని తర్వాతే వస్తుంది. జబ్బు దాచి ప్రీమియం తగ్గించుకోవడమంత పిచ్చి పని మరొకటి లేదు, క్లెయిము రోజున పాత మందుల చీటీయే సాక్షిగా నిలబడుతుంది. వరుసగా 60 నెలలు పాలసీ నడిచిన తర్వాత, మోసం నిరూపిస్తే తప్ప కంపెనీ పాత వివరాలను తవ్వి క్లెయిము నిరాకరించలేదన్న నిబంధన నిజం చెప్పినవారికి ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

అరవై ఆరేళ్ల వయసులో నాలుగు జబ్బులతో మొదటిసారి పాలసీ కొనబోయేవారి లెక్క వేరు. వయోపరిమితి తీసేశారు కాబట్టి కొనవచ్చు, వృద్ధుల ప్రీమియం ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే నియంత్రణ సంస్థను సంప్రదించాలన్న ఆదేశం 2025 జనవరిలో వచ్చింది కాబట్టి కొంత రక్షణా ఉంది. కాని ఉదాహరణకు ఏడాదికి 50,000 ప్రీమియం అనుకుంటే, ఉన్న జబ్బులకు ఏమీ రాని మూడేళ్లలో 1,50,000 కట్టాలి. ఆ తర్వాత కూడా బిల్లులో 20 శాతం మీరే భరించాలన్న షరతో, గది అద్దె పరిమితో ఉండవచ్చు. అదే మనిషి నెలకు 4,000 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేస్తే మూడేళ్లకు అసలే 1,44,000 చేతిలో ఉంటుంది. వైద్య సేవ కార్డున్నవారికీ, డెబ్బైకి దగ్గరపడినవారికీ నేను రెండో దారే చెబుతాను. ఏ పథకానికీ అర్హత లేని, డెబ్బైకి ఇంకా ఏళ్లున్న వారికి మాత్రం పాలసీ అవసరమే, బిల్లులో మొదటి పెద్ద మొత్తం మనమే భరించి, అది దాటినదే కంపెనీ కట్టే సూపర్ టాప్ అప్ అయితే ప్రీమియం తగ్గుతుంది. పిల్లల ఉద్యోగంలో కంపెనీ ఇచ్చే గ్రూపు బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుంటే కళ్లు మూసుకుని చేర్చాలి, చాలా గ్రూపు పాలసీల్లో పాత జబ్బులు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి.

కిడ్నీ దాకా వస్తే

ఇది రాయడానికి చేయి ఆడదు గాని, షుగర్, బీపీ కలిసి ఉన్న ఇళ్లు ముందే తెలుసుకోవలసిన లెక్క ఇది. డయాలసిస్ వారానికి మూడుసార్లు అంటే ఏడాదికి 156 సార్లు. చికిత్స వైద్య సేవ కింద ఉచితంగా దొరుకుతుంది, డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 10,000 రూపాయలు ఉంది. మిగిలేది ప్రయాణం. రానూపోనూ ఆటోకు 300 అయితే ఏడాదికి 46,800 రూపాయలు, పైగా తోడు వచ్చేవారి 156 పూటలు. అందుచేత ఇక్కడ మాత్రం పేరున్న ఆసుపత్రికన్నా నడిచివెళ్లేంత దగ్గరున్న కేంద్రానికే నా ఓటు. డాక్టరును చూపించుకునే రోజున దూరం వెళ్లవచ్చు, యంత్రం మీద పడుకునే రోజున అక్కర్లేదు.

పన్ను, అప్పు

పాత పన్ను విధానంలో ఉన్నవారు, బీమా లేని అరవై దాటిన తల్లిదండ్రుల మందులకూ పరీక్షలకూ పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తగ్గింపుగా (1961 చట్టంలో సెక్షన్ 80డి) 50,000 దాకా చూపవచ్చు. నగదు కాకుండా యూపీఐ, కార్డు, చెక్కుల ద్వారా చెల్లించి ఉండాలి. మందుల షాపులో ఫోనుతో కట్టి బిల్లు అడిగి తీసుకునే అలవాటుకు ఇంత విలువ ఉందని నేను కూడా, ఈ పనిలో ఉండి, ఆలస్యంగా పట్టించుకున్నాను. కొత్త విధానంలో ఉన్నవారికి ఇది లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకునే వారికి కూడా అసలు బిల్లులే ఆధారం కాబట్టి, చిన్న బిల్లనీ నలిగిన బిల్లనీ పారేయకూడదు.

అప్పు తప్పనప్పుడు ఏది మేలు అన్నది చివరి ఎంపిక. మన వైపు చేబదులు వడ్డీ నూటికి రెండు రూపాయలంటే తేలిగ్గా వినిపిస్తుంది, అది ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36. క్రెడిట్ కార్డు బాకీ కూడా ఆ కోవలోదే. బ్యాంకులో బంగారం కుదువ పెడితే వడ్డీ వీటికన్నా బాగా తక్కువ, నగ అమ్ముకోవలసిన పని లేదు. గడువు మరిచిపోతే వేలానికి వెళ్లే ప్రమాదం ఒక్కటే దానికి ఉన్న ముల్లు. మార్పులన్నీ అయ్యాక అమ్మ నెల ఖర్చు 9,000 నుంచి 4,600కు దిగింది, మందులు 2,900, ఫీజులు 500, పరీక్షలు 700, ఆటోలు 500. స్టెంటుకు ముందు నాటి సర్దుబాట్లను తీర్చడానికి పెట్టిన రెండు జతల గాజులు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అమ్మ వైద్యం నోట్‌బుక్కులో వచ్చే క్రియాటినిన్ పరీక్ష తేదీ పక్కనే, ఎర్ర ఇంకుతో, ఆ గాజుల రశీదు గడువు తేదీ కూడా రాసి పెట్టాను.